కనబడని బొమ్మకు కొలత

1971 ఫిబ్రవరిలో ‘సైన్స్’ పత్రిక మూడు పేజీల చిన్న వ్యాసం ఒకటి వేసింది. రాసినవారు ఇద్దరు. ఒకరు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధిస్తున్న రోజర్ షెపర్డ్, మరొకరు ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న జాక్వెలిన్ మెట్‌జ్లర్. అందులో కొన్ని ఘనాల బొమ్మలు, రెండు సరళరేఖలు, వాటికి కాస్త వివరణ. అంతే. ఆ రెండు గీతలను ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. మనిషి తలలో మాత్రమే జరిగే ఒక పని, పక్కవాడికి ఏ విధంగానూ కనబడని పని, ఎంత వేగంతో సాగుతోందో ఆ గీతలు చెబుతాయి.

అంతకు ముందు ఈ విషయం ఎంత చిక్కుముడిగా ఉండేదో తెలిస్తేగానీ వాటి విలువ తెలియదు. 1880లో ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక ప్రశ్నపత్రం ఫలితాలు ప్రచురించాడు. ఈ ఉదయం మీరు ఫలహారం చేసిన బల్లను మనసులోకి తెచ్చుకోండి, బొమ్మ మసకగా ఉందా, తేటగా ఉందా, రంగులు ఉన్నాయా అని అడిగాడు. కొందరు కళ్లెదుట ఉన్నట్టే ఉందన్నారు. ఆయన ముందుగా అడిగిన శాస్త్రవేత్త మిత్రుల్లో చాలామందికి మాత్రం ఆ ప్రశ్నే అర్థంలేనిదిగా తోచింది. ‘మనసులో చూడటం’ అనేది ఏదో మాటవరసకు అనుకునేదే తప్ప నిజంగా ఎవరికైనా ఏదైనా కనబడుతుందని వాళ్లు అనుకోలేదు. ఎవరి మాట వాళ్లది. ఒకరు తేటగా ఉందన్నదీ, ఇంకొకరు మసకగా ఉందన్నదీ ఒకటే కావచ్చు; తేల్చే దారి లేదు. ఆ తరవాత ప్రవర్తనవాదులు వచ్చి, కొలవలేనిదాని గురించి శాస్త్రానికి పనేమిటని మనోచిత్రాల ప్రస్తావననే అమెరికన్ ప్రయోగశాలల నుంచి దాదాపు తుడిచేశారు.

బంగారాన్ని నువ్వు మేలిమివేనా అని కంసాలి అడగడు. గీటురాయి మీద గీసి చూస్తాడు. షెపర్డ్‌కు దొరికింది అటువంటి గీటురాయే. 1968 నవంబరు 16 తెల్లవారుజామున, ఇంకా పూర్తిగా మెలకువ రాకముందు, గాలిలో ఘనాకారాలు ఠీవిగా తిరుగుతున్నట్టు తనకు కనిపించిందనీ, లేచేసరికి ప్రయోగం మొత్తం మనసులో సిద్ధంగా ఉందనీ ఆయన తరవాత చెప్పుకున్నారు. కల ఎవరికైనా రావచ్చు. దాన్ని ప్రయోగంగా చెక్కిన తీరులో ఉంది పనితనమంతా.

పది ఘనాలను ముఖానికి ముఖం ఆనించి మూడు చోట్ల లంబకోణంలో వంచిన కమ్మీలాంటి ఆకారం. కంప్యూటర్ చేత గీయించిన అటువంటి ఆకారాలను రెండేసి చొప్పున పక్కపక్కన చూపించారు. కొన్ని జతల్లో రెండూ ఒకే వస్తువు. ఒకటి కాస్త తిరిగి ఉంటుంది. మిగిలిన జతల్లో రెండోది మొదటిదానికి అద్దంలో ప్రతిబింబం. ఎంత తిప్పినా కుదరదు. రెండూ ఒకటే అనిపిస్తే కుడిచేతి మీట లాగాలి, కాదనిపిస్తే ఎడమచేతిది. ఎనిమిది మంది, ఒక్కొక్కరికి 1,600 జతలు. ‘మీకేం కనిపించింది’ అని ప్రధాన ప్రయోగంలో ఎవరినీ అడగలేదు. మీట లాగడానికి ఎంతసేపు పట్టిందో మాత్రం గడియారంతో కొలిచారు.

ఇక్కడ అద్దపు ప్రతిబింబాన్ని వాడటం ఎంత ఆలోచించి చేసిన పనో గమనించండి. వేరే ఆకారమేదో పెట్టి ఉంటే ‘దీనికి మూడు వంపులు, దానికి రెండు’ అని లెక్కపెట్టి తేల్చేయవచ్చు. మనసులో దేన్నీ తిప్పక్కర్లేదు. ప్రతిబింబంలో వంపుల సంఖ్య అదే, పొడవులు అవే. వస్తువును మొత్తంగా తిప్పి చూస్తే తప్ప తేడా దొరకదు. దొంగదారులన్నీ ముందే మూసేశారన్నమాట.

ఫలితం: రెండు బొమ్మల మధ్య కోణం లేనప్పుడు జవాబుకు సుమారు ఒక సెకను పట్టింది. కోణం పెరిగేకొద్దీ కాలం పెరుగుతూ పోయి, 180 డిగ్రీల దగ్గర నాలుగు సెకన్లు దాటింది. పెరుగుదల ఎక్కడా వంకర పోలేదు, తిన్నటి గీత. లెక్క వేస్తే మనసులోని వస్తువు సెకనుకు దాదాపు 60 డిగ్రీల చొప్పున తిరుగుతోంది. రెండో గీత ఇంకా గొప్పది. కాగితం మీద బొమ్మను గడియారం ముల్లులా తిప్పడం ఒక పని; వస్తువును లోతులోకి, అంటే ముందువైపును వెనక్కి పోయేలా తిప్పడం మరొక పని. కాగితం మీది గీతలనే తిప్పుతుంటే రెండోది చాలా కష్టం కావాలి, ఎందుకంటే గీతలన్నీ మారిపోతాయి. కానీ రెండింటి వేగమూ దాదాపు ఒకటే. అంటే మనసు తిప్పుతున్నది గీతల బొమ్మను కాదు, ఆ బొమ్మ సూచించే వస్తువును. మూడు పేజీల్లో ఇంత విషయం ఇమిడించిన వ్యాసాలు అరుదు.

మంచి పనికి మంచి ప్రత్యర్థి కూడా కావాలి. ఆ ప్రత్యర్థి కెనడా పరిశోధకుడు జెనన్ పిలిషిన్. 1978లో స్టీఫెన్ కాస్లిన్ బృందం ఒక ఊహాద్వీపం పటం తయారుచేసి, అందులో గుడిసె, చెట్టు, బండ, బావి, సరస్సు, ఇసుక, గడ్డి అని ఏడు చోట్లు పెట్టి, జనం చేత బట్టీ పట్టించింది. పటం తీసేశాక, మనసులోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లమంటే, దూరం ఎంత ఎక్కువైతే అంతసేపు పట్టింది. పిలిషిన్ ఒప్పుకోలేదు. దూరం వెళ్లడానికి ఎక్కువసేపు పడుతుందని లోకజ్ఞానం ఉన్నవాడికెవడికైనా తెలుసు, తెలిసినదాన్నే వాళ్లు నటిస్తున్నారు, లోపల బొమ్మ ఉందనడానికి ఇది రుజువు కాదు అన్నాడు. గట్టి అభ్యంతరం. ఆయన అంతగా పట్టుబట్టకపోతే తరవాతి ప్రయోగాలు అంత పదును తేలేవి కావని నా నమ్మకం.

అయితే ఆ ద్వీపం ప్రయోగానికి ముందే చూపు లేనివారితో ఒక ముఖ్యమైన ప్రయోగం జరిగింది. 1976లో మార్మర్, జబాక్ అనే ఇద్దరు పరిశోధకులు షెపర్డ్ పరీక్షను చేతులకు మార్చారు. పుట్టుకనుంచో పసితనంనుంచో చూపు లేనివారు తడిమి చూసి రెండు ఆకారాలు ఒకటో కాదో చెప్పాలి. వాళ్లకు సమయం ఎక్కువే పట్టింది, తప్పులూ ఎక్కువే వచ్చాయి. అయినా కోణం పెరిగేకొద్దీ కాలం పెరగడం మాత్రం వాళ్లలోనూ ఉంది. మనసులో వస్తువును తిప్పడానికి దాన్ని చూసి ఉండక్కర్లేదు. స్పర్శలోంచి కట్టుకున్న వస్తువు కూడా అలాగే తిరుగుతుంది. మనోచిత్రం అనగానే కంటిని తలుచుకోవడం మనకు అలవాటు. ఆ అలవాటు తప్పని తేలింది ఇక్కడే.

ఇటలీలో ఎడోర్డో బిసియాక్, క్లాడియో లుజాటీ 1978లో ప్రచురించిన పరిశీలనకు ఏ యంత్రమూ అక్కర్లేకపోయింది. మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరు తమ ఎడమవైపున ఉన్నదాన్ని పట్టించుకోరు; కన్ను పనిచేస్తున్నా అటువైపు లోకమే లేనట్టుంటారు. అటువంటి ఇద్దరు మిలాన్ వాసులను, వాళ్లకు కొట్టిన పిండి అయిన ఆ నగరపు ప్రధాన చర్చి చౌకును వర్ణించమన్నారు. మొదట, చౌకు ఆ చివర నిలబడి చర్చి వైపు చూస్తున్నట్టు ఊహించుకొని చెప్పమన్నారు. కుడివైపు కట్టడాలన్నీ చెప్పారు, ఎడమవైపువి వదిలేశారు. తరవాత, చర్చి మెట్ల మీద నిలబడి ఇటు చూస్తున్నట్టు ఊహించుకొమ్మన్నారు. ఇప్పుడు ఇందాక వదిలేసిన కట్టడాలు బయటికి వచ్చాయి, ఇందాక చెప్పినవి మాయమయ్యాయి. జ్ఞాపకంలో మొత్తం చౌకు భద్రంగానే ఉంది. దాన్ని మనసు ముందు పరిచి చూసే చోట సగం లేదు. నిలబడే చోటు మార్చమనే ఒక్క వాక్యంతో జ్ఞాపకాన్నీ ఊహనూ విడదీసి చూపించిన ఈ ప్రయోగం కన్నా సొగసైనది నాకు ఇంకొకటి తెలియదు.

పిలిషిన్‌కు ఎదురునిలిచే జవాబు 1992లో మార్తా ఫరా బృందం నుంచి వచ్చింది. మూర్ఛవ్యాధి కోసం మెదడు వెనుకభాగాన కుడివైపు చూపు ప్రాంతాన్ని తీసేయవలసి వచ్చిన ఒక రోగిని శస్త్రచికిత్సకు ముందూ తరవాతా పరీక్షించారు. ఏదైనా వస్తువును ఊహించుకొని మనసులోనే దాని దగ్గరకు నడవాలి. అది మనోదృష్టిలో పట్టక అంచులు దాటిపోయే క్షణంలో ఆగి, ఎంత దూరంలో ఉన్నారో చెప్పాలి. వస్తువు కొలత, ఆ దూరం తెలిస్తే ఊహ ఎంత వెడల్పో లెక్క కట్టవచ్చు. శస్త్రచికిత్స తరవాత ఆ రోగి ఇదివరకటి కన్నా చాలా దూరంలోనే ఆగవలసి వచ్చింది. అడ్డంగా ఊహ వెడల్పు తగ్గింది, నిలువుగా తగ్గలేదు. మెదడులో తీసేసిన భాగం ఎడమవైపు చూపును చూసుకునేది కాబట్టి సరిగ్గా అలాగే జరగాలి. దీన్ని లోకజ్ఞానంతో నటించడం సాధ్యమని నాకు అనిపించదు.

ఈలోగా మెదడు లోపలికి చూసే యంత్రాలూ వచ్చాయి. 1995లో కాస్లిన్ బృందం కళ్లు మూయించి వస్తువులను చిన్నవిగా, మధ్యరకంగా, పెద్దవిగా ఊహించుకొమ్మంది. చూపు ప్రాంతంలో, చూపు మధ్యలో పడేదానికి చోటు బాగా వెనక ఉంటుంది. పక్కలకు పోయేకొద్దీ ఆ చోటు ముందుకు జరుగుతుంది. చిన్న ఊహ వెనకచోటును కదిలించింది, పెద్ద ఊహ ముందుచోటును కదిలించింది. వెలుగు లేదు, కన్ను మూసే ఉంది, అయినా నిజంగా చూసినప్పటి కొలతలే. చూసేటప్పుడు సమాచారం వెనుక భాగం నుంచి ముందుకు పారుతుంది. ఊహించేటప్పుడు ముందునుంచి వెనక్కి, ఎదురుదిశలో పారుతుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వారు 2014లో మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసి ఆ ఎదురు ప్రవాహాన్ని పట్టుకున్నారు.

చెవి సంగతి చూద్దాం. మీకు క్షుణ్ణంగా వచ్చిన పాట ఒకటి తీసుకోండి. పల్లవిలోంచి రెండు మాటలు ఎంచుకొని, రెండోమాట స్వరం మొదటిమాట కన్నా పైన ఉందా కింద ఉందా అని మిమ్మల్ని మీరే అడగండి. నోటితో పాడకూడదు. జవాబు వెంటనే రాదు. మొదటిమాట నుంచి రెండోమాట దాకా పాట లోపల నడవాలి. ఆండ్రియా హాల్పర్న్ 1988లో కొలిచింది దీన్నే. మాటల మధ్య తాళగతిలో దూరం ఎంత ఎక్కువైతే జవాబు అంత ఆలస్యం. షెపర్డ్ కోణాన్ని వాడినచోట ఆమె తాళాన్ని వాడింది. బొమ్మ మొత్తం ఒక్కసారిగా ఎదురుగా ఉంటుంది, పాట మాత్రం కాలంలో పరుచుకొని ఉంటుంది. ప్రతి ఇంద్రియానికీ దానిదైన కొలబద్ద వెతుక్కోవాలని గ్రహించడమే ఆమె నేర్పు.

2005లో ‘నేచర్’లో డార్ట్‌మత్ కళాశాల బృందం ప్రచురించిన పని ఇంకొంచెం గడుసుది. వినేవారికి బాగా తెలిసిన పాటలు, తెలియని పాటలు వినిపిస్తూ మధ్యమధ్య కొన్ని సెకన్లు శబ్దం ఆపేశారు. ఊహించుకోండని ఎవరికీ చెప్పలేదు. తెలిసిన పాట ఆగినచోట వాళ్లలో లోపల పాట సాగుతూనే ఉంది, తెలియని పాట ఆగినచోట నిశ్శబ్దమే. మెదడులో వినికిడి ప్రాంతం కూడా అదే చెప్పింది. సాహిత్యం లేని వాద్యసంగీతమైతే ఆ కదలిక శబ్దం మొట్టమొదట చేరే చోటు దాకా పోయింది. మాటలున్న పాటల్లో అంత లోతుకు పోలేదు. మాటలు ఉంటే మెదడు అర్థాన్ని పట్టుకొని సరిపెట్టుకుంటుందేమో, ఒట్టి నాదమైతే నాదాన్నే మళ్లీ పలికించుకోవాలి కదా అని నాకు అనిపిస్తుంది. ‘ఊహించండి’ అని అడగకుండానే ఊహను రప్పించడం ఈ ప్రయోగంలో మెచ్చుకోదగ్గ అంశం. అడిగితే నటిస్తారన్న అనుమానానికి ఇక తావే లేదు.

అన్నిటికన్నా కష్టం వాసన. ఇంగువ పోపు వాసన ఎలా ఉంటుందో మనకు తెలుసు. పక్కింట్లో వేసినా పోల్చుకుంటాం. కానీ ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుని దాన్ని ముక్కులోకి తెచ్చుకోమంటే చాలామందికి పోపు గరిటె కనిపిస్తుంది, చిటపట వినిపిస్తుంది, వాసన మాత్రం అంచుదాకా వచ్చి జారిపోతుంది. అందుకే వాసనకు ఊహే లేదనే వాదం కూడా ఉండేది. 2003లో బర్క్‌లీలో మౌస్తఫా బెన్సాఫీ, నోమ్ సోబెల్ తదితరులు ఒక చిన్న విషయాన్ని పట్టించుకున్నారు: వాసన ఊహించమనగానే మనుషులు తమకు తెలియకుండానే గాలి పీలుస్తారు. దృశ్యాన్నో శబ్దాన్నో ఊహించమన్నప్పుడు ఆ పీల్పు లేదు. మంచి వాసన ఊహిస్తే పెద్ద పీల్పు, చెడు వాసనైతే చిన్న పీల్పు, అచ్చం నిజంగా వాసన చూసినట్టే. అక్కడితో ఆగి ఉంటే అది ఒక ముచ్చటైన పరిశీలనగా మిగిలేది. వాళ్లు ముక్కుకు పట్టీ బిగించి మళ్లీ ఊహించమన్నారు. ఊహ మసకబారింది. అంటే ఆ పీల్పు ఊహకు వెంట వచ్చే అలవాటు కాదు, ఊహను కట్టే పనిలో భాగం. లేని వాసన కోసం ఒట్టి గాలిని పీల్చడం వృథా అనిపించవచ్చు. కానీ మెదడు దృష్టిలో వాసన అంటే ముక్కుకు తగిలే అణువులతో పాటు ఊపిరి లాగడం కూడా. ఈ పరిశోధన చదివాక నేను అగరువత్తినీ, తడిసిన గోనెసంచినీ ఊహించి చూసుకున్నాను; ఊపిరి దానంతటదే కదలడం గమనిస్తే మీకూ ఆశ్చర్యంగా ఉంటుంది.

కన్నూ ఇంతే. బొమ్మను చూసినప్పుడు కళ్లు ఏ దారిలో తిరిగాయో, దాన్ని ఖాళీ తెర ముందు గుర్తు చేసుకున్నప్పుడు కూడా దాదాపు అదే దారిలో తిరుగుతాయని 1997లో బ్రాంట్, స్టార్క్ చూపించారు. నడకకూ అటువంటి కొలతే ఉంది. ఫ్రాన్స్‌లో డెసెటీ, జానరో, ప్రాబ్లాన్ 1989లో జనాన్ని కొద్ది మీటర్ల దూరం ఒకసారి నిజంగా, ఒకసారి మనసులో నడిపించారు. రెండింటికీ కాలం సరిపోయింది. భుజాన 25 కిలోల బరువు పెట్టి మళ్లీ నడిపిస్తే నిజమైన నడకకు పట్టిన కాలం మారలేదు, ఊహలోని నడక మాత్రం ఆలస్యమైంది. ఒళ్లు బరువును సర్దుకుంటే ఊహ దాన్ని మోసింది.

ఇంత దగ్గర పోలిక ఉంటే మెదడు నిజాన్నీ ఊహనూ ఎలా విడదీస్తుందన్న ప్రశ్న తప్పదు. 1910లోనే కార్నెల్‌లో చీవ్స్ వెస్ట్ పెర్కీ ఈ ప్రశ్నను ఒక మసక గాజు పలక మీద పెట్టింది. పలక వైపు చూస్తూ టమాటా, అరటిపండు వంటివి ఊహించుకొమ్మని చెప్పి, వెనుకనుంచి వాటి బొమ్మలను కనీకనబడనంత లేతగా వేయించింది. ఎదురుగా ఉన్నది నిజమైన బొమ్మ అని వాళ్లు పోల్చుకోలేదు. తమ ఊహే అనుకున్నారు. తాము అడ్డంగా ఊహించుకోబోతే అరటిపండు నిలువుగా వచ్చిందేమిటని ఆశ్చర్యపోయినవారూ ఉన్నారు. లండన్‌లో నదీన్ డైక్‌స్ట్రా, స్టీఫెన్ ఫ్లెమింగ్ 2023లో ఆ ప్రయోగాన్ని కొత్తగా చెక్కారు. ఒకసారి బొమ్మ చూపితే మనిషికి అనుమానం పడుతుంది, ఇక ఆ మనిషి జవాబు పనికిరాదు. అందుకని వందలమందిని తీసుకొని ఒక్కొక్కరికి అసలు పరీక్ష ఒకేసారి పెట్టారు. ఒక మనిషి, ఒక జవాబు. అంత పొదుపుగా, అంత ఓపికగా సేకరించిన జవాబుల్లో పెర్కీకి భిన్నమైన సంగతి తేలింది: ఊహ ఎంత గాఢంగా ఉంటే అంతగా అది నిజమని తలచే అవకాశం పెరిగింది. ఊహ బలమూ చూపు బలమూ ఒకేచోట కలుస్తాయి. ఆ మొత్తం ఒక హద్దు దాటితే మనం దాన్ని లోకం అంటాం.

గాల్టన్ మిత్రుల సంగతికి ఇప్పుడు జవాబుంది. ఎక్సెటర్‌లో ఆడమ్ జెమన్ 2010లో ఒక రోగిని గురించి రాశారు. గుండె రక్తనాళానికి చికిత్స జరిగాక ఆయన మనసులో బొమ్మలు పూర్తిగా ఆగిపోయాయి. ఆ రోగి గురించి చదివి, మాకు పుట్టుకనుంచీ ఇంతేనని కొందరు ముందుకు వచ్చారు. 2015లో జెమన్ దానికి అఫాంటేషియా అని పేరు పెట్టారు. అయితే మళ్లీ పాత చిక్కే: వాళ్లకు బొమ్మ లేదా, ఉన్నదాన్ని లేదంటున్నారా?

సిడ్నీలో జోయెల్ పియర్సన్ బృందం 2022లో కనుపాపను అడిగింది. వెలుగు పడితే కనుపాప కుంచించుకుంటుంది, చీకట్లో విచ్చుకుంటుంది. మన ఇష్టంతో దాన్ని కదపలేం. ఓస్లోలో లాంగ్, సులుత్వెట్ 2014లోనే, వెలుగును ఊహించినా కనుపాప చిన్నదవుతుందని చూపించారు. సిడ్నీవారు తెల్లటి, నల్లటి త్రికోణాలు చూపి, తరవాత బూడిదరంగు తెర మీద వాటినే ఊహించమన్నారు. మామూలువారి కనుపాప తెల్లటి ఊహకు కుంచించుకుంది. ఊహ ఎంత తేటగా ఉంటే అంత ఎక్కువగా. అఫాంటేషియా ఉన్నవారి కనుపాప నిజమైన త్రికోణాలకు అందరిలాగే స్పందించింది, ఊహించినవాటికి మాత్రం కదలలేదు.

వాళ్లు అసలు ప్రయత్నించకపోతే కూడా కనుపాప కదలదు కదా అని ఇక్కడ ఎవరైనా అడగాలి. ఆ ప్రశ్న వస్తుందని పరిశోధకులకు తెలుసు. అందుకే కొన్నిసార్లు ఒక త్రికోణాన్ని, కొన్నిసార్లు నాలుగింటిని ఊహించమన్నారు. మనసు శ్రమపడితే కనుపాప కొంచెం విచ్చుకుంటుంది. ఇది వెలుగుతో సంబంధం లేని మరో స్పందన. నాలుగు త్రికోణాల దగ్గర అఫాంటేషియా ఉన్నవారి కనుపాపలు కూడా విచ్చుకున్నాయి. బొమ్మ రాలేదు, కానీ దానికోసం వాళ్లు మనసు పెట్టి పనిచేశారు. తమకు ఏమీ కనబడదని చెప్పిన మనుషుల మాట నిజమనీ, వాళ్లు శ్రమ దాచుకోలేదనీ ఒకే కనుపాప రెండు కదలికల్లో సాక్ష్యం చెప్పింది. బొమ్మ లేకుండా ఆ శ్రమ దేనిమీద జరిగిందన్నది తరవాతి ప్రయోగానికి పని.